గుర్తులేదనే పాఠం

"పోయిన చైత్రం పదకొండో తారీఖు. ఆ రోజు పదింటికి అన్నం, పులియబెట్టిన గుండ్రుక్ ఆకు పులుసు, ముల్లంగి పచ్చడి తిన్నాను. పచ్చడిలో ఉప్పెక్కువైంది."

"అయ్యో, వద్దు మాస్టారూ! పచ్చడిలో ఉప్పు గుర్తున్నవాడికి ఫోను గుర్తులేదంటే విచారణ కమిషన్‌వాళ్ళు నమ్ముతారా?"

కాఠ్‌మాండూ శివార్లలో ఒక అద్దె ఇల్లు, దీపాలు పెట్టే వేళ. మాట్లాడుతున్నది పదవి దిగి ఎనిమిది నెలలైన ప్రధాని భవనాథ్ ఉప్రేతి, చిన్నప్పుడు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకుని పెద్దయ్యాక ఆయనకే కార్యదర్శి అయిన దిల్‌మాన్ రాయి. పక్కగదిలో ఆయన భార్య తులసా పెట్టె సర్దుతోంది.

"ఆ రోజేం చేశారని నువ్వే కదా అడిగావు."

"రేపు వాళ్ళూ అలాగే అడుగుతారు. మీరు మాత్రం గుర్తులేదనాలి. అంతే. మళ్ళీ మొదలెడదాం. ఆ రోజు పదకొండూ ఇరవైకి మీ గదిలోంచి రాంఘాట్ జిల్లా అధికారికి ఫోను వెళ్ళింది. చేసిందెవరు?"

"నేనే."

"మాస్టారూ!"

"సరే, సరే. గుర్తులేదు."

"కళ్ళు కిందికి దించకండి."

"బడిలో నిన్ను నేనిలాగే సతాయించేవాణ్ణి. పదమూడో ఎక్కం."

"పదిహేడోది. రాకపోతే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు."

"తర్వాత అన్నం పెట్టి పంపేవాణ్ణి కూడా."

"అన్నం పెట్టింది గురుమా. మీరు కాదు."

"విన్నావా తులసా, వీడి మాటలు?"

"విన్నాను. ఉన్నమాటే అన్నాడు. దిల్‌మాన్, టీ పెట్టాను, తాగి వెళ్ళు."

"ఇప్పుడెందుకు గురుమా... మాస్టారూ, ఊరి బస్సు ఎల్లుండేగా? హెడ్మాస్టరు మళ్ళీ ఫోను చేశాడు. ఎనిమిదో తరగతికి లెక్కలు మీరే చెబుతారని ఊరంతా చాటేశాడట. ప్రధానిగా చేసినాయన సుద్దముక్క పట్టుకుంటారంటే మాటలా!"

"ఆ రిజిస్టర్లో ఏం రాశావు?"

"ఏ రిజిస్టరు?"

"ఫోన్లది. పదకొండూ ఇరవైకి ఎదురుగా."

"అదా... అలవాటు ప్రకారమే రాశాను."

"అలవాటంటే?"

"మీకు తెలియనిదా? మీరు చేసిన ఫోనైనా నా పేరు మీదే ఎక్కాలి. మొదటి రోజే నాకలా చెప్పారు. 'మాట్లాడింది దిల్‌మాన్ రాయి' అని రాసి సంతకం పెట్టాను."

"అయితే నేను గుర్తులేదంటే..."

"టీ పొంగుతున్నట్టుంది మాస్టారూ."

"మాట మార్చకు. నేను గుర్తులేదంటే ఎవర్ని పట్టుకుంటారు?"

"నన్ను."

"నువ్వేం చెబుతావు?"

"వంతెన మీద కూచున్న జనాన్ని ఖాళీ చేయించమన్నది నేనేనని. మీకు చెప్పకుండా, నా అంతట నేనే అన్నానని."

"పోలీసుల్ని కాల్చమన్నది?"

"కాల్చమని మీరూ అనలేదు కదా."

"మరేమన్నాను? పక్కనే ఉన్నావుగా, చెప్పు."

"ఇప్పుడవన్నీ ఎందుకు..."

"చెప్పు."

"'మధ్యాహ్నానికల్లా వంతెన ఖాళీ కావాలి. ఎలా చేస్తావో నాకు చెప్పకు.' అంతే అన్నారు."

"అది చాలలేదూ? తాగేనీళ్ళు అడగడానికొచ్చి కూచున్నవాళ్ళు. ముగ్గురు పోయారు."

"మాస్టారూ, మీకు దండం పెడతాను, రేపు అక్కడ ఈ మాట రానివ్వకండి. పార్టీ పెద్దలు మరీ మరీ చెప్పి పంపారు. మీ మీదికొస్తే పార్టీయే కూలిపోతుంది. నా మీదికొస్తే ఎవరో గుమాస్తా పోయాడనుకుంటారు."

"గుమాస్తా అన్నది వాళ్ళా, నువ్వా?"

"ఎవరంటే ఏముంది? మా ఇంటివాళ్ళని చూసుకుంటామన్నారు."

"మీ సిర్జనా ఏ క్లాసిప్పుడు?"

"తొమ్మిది."

"ఏమంటోంది?"

"ఏమీ అనడం లేదు. మొన్న... వద్దులెండి."

"మొన్న?"

"'నాన్నా, ఆ ఫోను నువ్వే చేశావా' అంది. కమిషన్‌లో చెప్పాల్సిన జవాబే కదా, ఇంట్లో ఒకసారి చెప్పి చూద్దామని అవునన్నాను. అప్పట్నుంచి నా ఎదురుగా కూచుని అన్నం తినడం లేదు."

"టీ చల్లారిపోతోంది."

"టీయా! నేనేం చెబుతున్నాను, మీరేమంటున్నారు? ఎల్లుండి మీరు కొండెక్కి పాఠాలు చెప్పుకుంటారు. పిల్లలు లేచి నిలబడి దండాలు పెడతారు. నేను లోపల... వద్దురా దిల్‌మాన్ అని ఒక్కసారైనా అంటారేమోనని పొద్దుట్నుంచి చూస్తున్నాను. ఒక్కసారి!"

"లోపల మొదటి వారమే కష్టం."

"ఏమిటీ?"

"జైలు. రాజుగారి రోజుల్లో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు. ఉరేసుకుంటామేమోనని మా సురువాల్ పైజామాల నాడాలు పీక్కున్నారు. వారమంతా చేత్తో పట్టుకునే నడిచాను. కూచుంటే పరవాలేదు గానీ, నినాదానికి చెయ్యెత్తాలంటేనే..."

"ఎనిమిదో రోజుకి ఎలాస్టిక్ ఎక్కించి నేను పంపలేదూ? అది చెప్పరేం?"

"పంపావు తులసా. నువ్వే పంపావు."

"మీకు నవ్వులాటగా ఉందా మాస్టారూ?"

"లేదు నాయనా."

"అయితే ఆఖరిసారి అడుగుతున్నాను. ఆ ఫోను చేసిందెవరు?"

"గుర్తులేదు."

"బాగా చెప్పారు. ఈసారి కళ్ళు కూడా దించలేదు."

"రేపు నువ్వు అక్కడికి రావద్దు. సిర్జనాని బడి దగ్గర నువ్వే దింపు."

"ఎలాగూ ఎల్లుండి నన్ను పిలుస్తారు లెండి. వెళ్ళొస్తాను."

"దిల్‌మాన్."

"ఆఁ."

"పదిహేడెనిమిదులు?"

"నూట ముప్ఫై ఆరు."

"ఊఁ. వెళ్ళు."

"ఆగు బాబూ, మెట్ల మీద దీపం లేదు. చూసి దిగు. ఈ శాలువా కప్పుకో."

"వద్దు గురుమా. ఆ పెట్టె బరువుగా ఉన్నట్టుంది, మీరెత్తకండి. ఎల్లుండి బస్సుదాకా నేనొచ్చి మోస్తాను. నాకు చేతనైంది అదొక్కటే."

"ఎల్లుండి దాకా ఎక్కడ? రేపు పొద్దున ఆయన వెంటే వెళుతుంది."

"రేపా? కమిషన్‌కా? వాంగ్మూలం ఇవ్వడానికి పెట్టెందుకు గురుమా?"

"మెల్లగా. ఆయన వింటారు. నీకు తెలిస్తే కాళ్ళు పట్టుకుని ఆపుతావని భయం ఆయనకి."

"దేనికి? ఏముంది అందులో?"

"రెండు దుప్పట్లు, ఒక గిన్నె, ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం. ఈసారి వాళ్ళకి శ్రమ లేకుండా సురువాళ్ళన్నిటికీ నాడాలు నేనే తీసేశాను నాయనా. ఎలాస్టిక్ ఎక్కించాను. ఇంటికెళ్ళి అమ్మాయిని ఎదురుగా కూచోబెట్టుకుని అన్నం తిను. తలుపేస్తున్నాను."