బతికుండంగానే ఏడ్చిన పాట

"అవ్వా, నేను గిటారు తియ్యంగానే నువ్వెందుకు నవ్వుతావు?"

నిన్ను సూసి కాదులే అబ్బోడా. నవ్వు తెప్పించేంత బాగా కూడా నువ్వు వాయించవు. మా అత్త మునెమ్మ గుర్తుకొస్తాది, అంతే.

అప్పుడు మేము రేణిగుంట రైల్వే క్వార్టర్సులో ఉంటిమి. ప్రపంచ యుద్ధం జరగతా ఉండె, కిరసనాయిలు దొరికేది కాదు. మీ తాత రాత్రంతా డ్యూటీ, పగలంతా నిద్ర. ఆయన మొగం నేను సరిగ్గా సూసింది పెండ్లైన యాడాదికి. యాడ ఉంటిని? ఆ, పక్కింటి జానీ. ఆంగ్లో ఇండియన్ పిల్లోడు, ఇంజన్లో బొగ్గేసే పని. వాడూ వాళ్ళమ్మా, ఇద్దరే. ఆయమ్మ మంచాన పడి శానా దినాలైంది. అయినా ఎవరింట్లో ఏం కూరో పడుకున్న చోట్నుంచే చెప్పేది.

జానీకి మద్రాసు హోటల్లో జాజ్ బ్యాండులో చేరల్లని ఆశ. అది తప్ప వాడికి ఇంకో మాట లేదు. ఒకసారి మిలిట్రీ రైలు నీళ్ళకి నిలబడితే, నల్ల అమెరికా సోల్జరు ఒకాయన దిగి, వాడి గిటారు తీసుకోని ఒక దుఃఖం పాట పాడినాడంట. బ్లూస్ అంటారంట దాన్ని. రైలు పోయింది, పాట జానీకాడ ఉండిపోయింది.

ఆదివారం మధ్యాన్నం మద్రాసు నుంచి బ్యాండు పెద్ద వచ్చినాడు, వాడి వాయింపు వినేదానికి. వరండాలో కుర్చీ ఏసినారు. జానీ డాన్సు పాటలు వాయించినాడు. ఆయన గడియారం సూసుకుంటా, "ఇట్లా వాయించేవాళ్ళు నాకాడ శానామంది ఉండారు" అనేసినాడు. జానీ మొగంలో నెత్తురు లేదు. ఇంక పోయేదేముందని ఆ సోల్జరు పాట ఎత్తుకున్నాడు.

మా అత్త పిండి రుబ్బతా ఉన్నింది. ఆ పాట విని, "అయ్యో, జానీ వాళ్ళమ్మ పోయిందే" అని కొప్పు ఇప్పేసింది. మా పక్క సావింట్లో ఆడోళ్ళు గుంపుగా కూచోని పాడి ఏడుస్తారు కదా, దాంట్లో మా అత్తే ముందు. పెండ్లికి పిలవకపోయినా ఊరుకునేది గానీ దీనికి పిలవకపోతే అలిగేది. దావలో దొరికిన ఆడోళ్ళని కూడేసుకోని వరండాలోకి పోయి కూలబడింది. "నీ చేతి కేకు ఇంకెవరు పెడతారే నా తల్లీ, మా ఇండ్ల గుట్టు ఇంకెవరు లాగుతారే నా తల్లీ" అని, పిండి చేత్తోనే రొమ్ము కొట్టుకుంటే, ఆ పిండి పోయి బ్యాండు పెద్ద సూటు మీద పడె. ఆయన కుర్చీలోంచి లేచి అట్లే నిలబడిపోయినాడు.

అప్పుడు ఎట్లనో మంచం దిగి, తలుపు తీసుకోని జానీ వాళ్ళమ్మ వచ్చింది. చేతిలో టీ కప్పు.

ఏడుపు నిలిచిపోయింది. ఒకామె కండ్లు తిరిగి గోడ పట్టుకునింది. ఆయమ్మ అందరినీ ఒకసారి సూసి, నిమ్మళంగా గడప మీద కూచోని, "ఆపినావెందుకు మునెమ్మా? కేకు తర్వాత ఏముండాది?" అనింది.

మా అత్త ఏమన్నా తక్కువా? మళ్ళా ఎత్తుకునింది. జానీ కూడా గిటారు దించలేదు. అత్త గొంతు "తల్లీ" అని సాగి కిందికి జారే చోట, వాడు తీగ మీద వేలు అట్లే జార్చినాడు. పాట సోల్జరుదే, ఏడుపు మాత్రం మా రేణిగుంటది. బ్యాండు పెద్ద గడియారం జేబులో పెట్టేసి, "ఇది నాకాడ లేదు, వస్తావా" అన్నాడు. సూటు దులుపుకునేది కూడా మర్సిపోయినాడు.

కొన్నేండ్లకి ఆయమ్మ నిజంగానే పోయింది. జానీ మద్రాసు నుంచి వచ్చి సూస్తే, మా అత్త గమ్మున కూచోనుండాది. "ఆమెకి ఏడవాల్సిందంతా ఆమె వింటుండంగానే ఏడ్చేసినా. ఇంక నువ్వు వాయించు" అనింది. వాడు వాయించినాడు. ఊరంతా వినింది, ఆయమ్మ తప్ప.

నువ్వు సల్లంగా ఉండల్ల అబ్బోడా, నీ వేలికి మంచి పేరు రావల్ల. నా కోసమని ఏదన్నా దాచిపెట్టుకోనుంటే మాత్రం ఇప్పుడే వాయించు. కుర్చీ ఇంకొంచెం ఇట్లా లాగు... ఈ చెవి పక్కకి...