మొదటి చాయ్ కాగిన మంట

ఇస్నాపూర్ చౌరస్తాల కొత్త హోటల్ తెరిచే రోజు. పరదా కప్పిన చరిత్ర బోర్డు మీద ఏం రాయించిండో మొగడు చేతుల కాయితం సూసి చదివి చెప్తుంటే ఆమెకు నవ్వాగుతలేదు.

“‘పేకాట అడ్డాను మూయించి, మా యజమాని ఇక్కడ చాయ్ హోటల్ తెరిచారు.’ ఎట్లుందే?”

“మూయించుడా? ఆడెటోళ్లల్ల ముందుగాల కూసునేది నువ్వే గద!”

“జెర మెల్లగ! చుట్టాలు ఇంటరు.”

“ఇననీ! మీ పేక పత్తాలన్నీ పొయ్యిల ఏసింది నేను. గా మంట మీదనే చాయ్ కాసి మీ ఆటగాళ్లకే అమ్మిన.”

“గా చాయే ఇయ్యాల ఏడంతస్తులైంది! లిఫ్టు సూసినవా?”

“సూసిన. గని ఆ పొద్దు ఒక పత్తా మాత్రం కాలకుండ మిగిలింది. ఇన్నేండ్లు బియ్యం డబ్బాల దాసిన.”

“ఏ పత్తా?”

“జోకరు. బోర్డు మీద నీ ఫోటో పక్కకు అంటించిన. ఇగ తియ్యి పరదా!”