పూర్ణిమ సారీ చెప్పదు

అదేంది బావగారూ, వచ్చీ రాగానే, మంచినీళ్లన్నా తాగకుండా "నీ కోడలి చేత సారీ చెప్పించు" అంటారు? మీరు కాలేజీ కమిటీలో పెద్దమనిషే, కాదన్నానా? కూచోండి. నాగేంద్రమ్మకి నోరెక్కువని మాచర్లంతా అనుకుంటారుగా, ఇయాళ మీరూ వినండి.

మా పూర్ణిమ మీ కాలేజీలో ఉద్యోగానికి పెట్టిన ఆ డెమో క్లాసు కోసం ఎంత అవస్థపడిందో తెలుసా మీకు? నేను మిరపకాయల తొడిమలు తీస్తుంటే, నన్నే స్టూడెంటనుకొని పాఠం చెప్పేది. "అత్తయ్యా, జావాస్క్రిప్టు అనే కంప్యూటర్ భాషలో క్లాసంటే వస్తువులు తయారుచేసే అచ్చు. ఒక క్లాసు ఇంకో క్లాసు నుంచి పుట్టిందనుకోండి, తండ్రి క్లాసుకొచ్చిన పనులన్నీ దీనికీ వస్తాయి. కొత్త వస్తువు తయారయ్యేటప్పుడు నడిచేది కన్‌స్ట్రక్టర్. పిల్ల క్లాసు తన సొంత కన్‌స్ట్రక్టర్ రాసుకుంటే, ముందు 'సూపర్' అని తండ్రిదాన్ని పిలవాలి. ఆ తర్వాతే 'దిస్' అని తన సంగతి ఎత్తాలి" అనేది. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఆ పిల్ల గొంతులో బెరుకు పోవటం మాత్రం బాగా తెలిసింది.

మరి నరసరావుపేటలో ఆ రోజు ఏమైంది? అదే ఉద్యోగానికొచ్చిన మీ బావమరిది కొడుకు మనోజ్ ముందు లేచాడు. 'సూపర్' రాయకుండానే 'దిస్' రాశాడు. తెర మీద ఎర్రగా ఎర్రరు! పిల్లలు నవ్వారు. కంప్యూటర్ పాడైందన్నాడంట! అప్పుడు పూర్ణిమ వెళ్లి, ఆ పైన 'సూపర్' అని ఒక్క లైను రాసింది. ప్రోగ్రాం నడిచింది. పల్లెత్తు మాట అనలేదు బావగారూ.

ఉద్యోగం ఎవరికిచ్చారు?

మనోజ్‌కి! మా పిల్లనేమో ల్యాబులో వెనక నిలబడి అతని తప్పులు దిద్దమన్నారు. కుదరదని వచ్చేసింది. ఇప్పుడేమో పదిమందిలో అతని పరువు తీసిందని సారీ చెప్పాలా? చానా బాగుంది!

చెప్పదు. మా విత్తనాల కొట్టు మీద గది ఉందిగా, బస్తాలన్నీ కిందికి దించించా. మీ తమ్ముడు గొణిగాడు, గొణగనీ. సోమవారం నుంచి పూర్ణిమ అక్కడే పాఠాలు చెప్తది.

ఏంది ఆ నవ్వు? ఎవరూ రారనా? ఆ రోజు అక్కడ నవ్విన పిల్లల్లో షెర్లీ అని ఒకమ్మాయి, నిన్ననే వచ్చి గది చూసుకొని పోయింది.

పూర్ణిమను పిలవాలా? పిలవను. మీ మొహం చూస్తే కరిగిపోతుంది. నిజం చెప్పేస్తున్నా బావగారూ. ఇంటికొచ్చిన సాయంత్రమే మీకు సారీ అని మెసేజ్ టైపు చేసుకుంది, ఏడ్చుకుంటా. ఫోన్ లాక్కొని చెరిపేసింది నేనే. కోపముంటే నా మీద పెట్టుకోండి... నాకేం, అలవాటే.