రోజీకి ఇంకో పది దినాలు

అంత గట్టిగా చెప్పాకండి డాక్టరు సారూ! "బాగా మానిపోయింది" అని ఈదికంతా వినిపించల్లనా? మెల్లగా మాట్లాడండి. మా మామ ఆడ మగ్గం గుంతలోనే ఉండాడు. మగ్గం చప్పుడు ఆగిందంటే ఆయప్ప చెవులు ఈడనే ఉంటాయి.

ఆ పీట మీద కూర్చోండి. కుట్లు తీసినారు, సంతోషం. గాయం ఎండిపోయింది, నాకూ కనిపిస్తానే ఉండాది, నేనేం గుడ్డిదాన్నా? కానీ మా మామకు మాత్రం, పైన ఎండింది గానీ లోపల పచ్చిగా ఉండాది, ఇంకో పది దినాలు కనిపెట్టుకోనుండల్ల అని చెప్పండి. మీ కాళ్ళకు మొక్కుతా.

ఎందుకంటారా? మీరు హిందూపురం నుంచి మొన్న మొన్న బదిలీ అయి వచ్చినారు, మా ఇంటి సంగతి మీకేం తెలుసు?

ఈ రోజీ ఉండాదే, ఇది మా కుక్క కాదు సారూ. బెంగళూరు సేటుది. మేము నేసే చీరలన్నీ ఆయప్పే తీసుకుంటాడు. పోయిన ఉగాదికి వచ్చి, "దేవప్పా, ఇది నీ ఇంట్లో పెరగనీ" అని మా మామ చేతిలో పెట్టిపోయె. ఆపొద్దు నుంచి మా మామ దాన్ని "రోజమ్మా" అంటాడు. ఈ ఇంటికి కోడలుగా వచ్చి తొమ్మిదేండ్లయినా నన్ను మాత్రం "ఓ పిల్లా" అంటాడు. నాకు నీలావతని పేరుండాదని ఆయప్పకు గుర్తుందో లేదో!

మొన్నామధ్య ఈదిలో పడుగు సాగదీసి, చీరకు నిలువు పోగులు సరిజేస్తాంటిమి. ధర్మవరంలో ఉండే మొగకుక్కలన్నీ మా వాకిట్లోనే. దీని కోసరం కొట్లాడుకుంటా పడుగు మీద పడి దొర్లె. మూడు చీరల పట్టు సారూ, పోగు పోగూ తెగిపోయె! ఆ మరుసటి దినమే గదా దీనికి పిల్లలు పుట్టకుండా కోయించేకి మీ దగ్గరికి ఎత్తుకొచ్చింది? మీరేమో ఆవులను, ఎనుములను చూసే చేతులతో ఇంత చిన్నదాన్ని ఎట్ల కోసేదబ్బా అని నిలబడితిరి.

కోసింది బాగానే కోసినారు. మీరు చెప్పిన మాటే కొంప ముంచింది. "పది దినాలు ఎగరగూడదు, గాయం నాకగూడదు, పక్కన ఒక మనిషి ఉండల్ల" అంటిరి. మా అత్త పార్వతమ్మకు అది చాలు. "కడుపు కోసినాక కుక్కయితేనేమి, మనిషయితేనేమి? బాలింతే!" అనె. చెవులకు గుడ్డ కట్టె. పొద్దన, సాయంత్రం సాంబ్రాణి పొగ. వంకాయ వద్దు, పెరుగు వద్దు. గాయం నాకకుండా నా పెండ్లి జాకెట్టు తొడిగిరి సారూ! ఎర్రపట్టు, జరీ అంచు. దాని వీపున హుక్కులు పెట్టింది గూడా నేనే. ఎదురింటి ఉలిగమ్మ బన్ను తీసుకోని చూసేకి వచ్చి, "ఎట్లుండావమ్మా?" అని కుక్కనడిగె. అది ఆవలించె.

ఇంగ మూడు పూటలా మా అత్త వెల్లుల్లి కారం కలిపి పెట్టే అన్నం. ఏమి సారూ, అట్ల లేస్తిరి? కుక్కలకు వెల్లుల్లి పెట్టగూడదా? భయపడాకండి. అది ఒక్క ముద్ద గూడా తిన్లేదు. అంతా నేనే తింటి.

నవ్వండి, నవ్వండి. నాకు గూడా ఆపరేషన్ అయింది సారూ. పిల్లలు చాలని చేస్తారే, అదే. ఎనభై మూడులో పెనుకొండకు మా అమ్మగారింటికి పోయి, ఆడ క్యాంపులో చేయించుకుంటి. నాలుగో దినానికే ఈ ఇంటోళ్ళు వచ్చి బస్సెక్కించి పిల్చుకోనొచ్చిరి. మరుసటి పొద్దన రాట్నం ముందర కూర్చుంటి. కండెలకు పట్టు చుట్టేది నా పని, నేను చుట్టకపోతే మగ్గం నిలిచిపోతాది గదా! కుట్టు లాగుతాంటే కొంగు బిగించి కట్టుకోని చుట్టినా. అప్పుడు ఈ సాంబ్రాణి యాడ పోయిందో! మా అత్త పక్కనే ఉండి ఒక్క మాటా అనలేదు. అందుకే దీని చెవులకు గుడ్డ కడతాంటే నాకు ఏడుపొచ్చె. కుక్కను చూసి కుళ్ళుకునే గతి పట్టె సారూ నాకు.

అయినా దీని పుణ్యాన ఒక మేలు జరిగింది. సేటు కుక్కకు ఏమన్నా అయితే చీరలెవురు కొంటారని మా మామకు దడ. బయట నుంచి ఒకామెను పిలిచి కండెలకు పెట్టి, "నువ్వు రోజమ్మ దగ్గర కూర్చో" అనె. కూర్చో అని! ఈ ఇంట్లో ఆ మాట నాతో ఎవురన్నారు? మధ్యాన్నం దాకా దీని పక్కన నేను, ఆ పైన మా అత్త.

మొదటి దినం చేతులు ఊరికే ఉండలేక ఏదో ఒకటి తిప్పుతానే ఉంటి. రెండో దినం గోడకానుకోని కాళ్ళు చాపినా. మూడో దినం నిద్రపోయినా సారూ, పట్టపగలు! లేసి చూస్తే అదే నన్ను కనిపెట్టుకోనుండాది, జాకెట్టు తొడుక్కోని.

ఏడో దినానికే మానిపోయె. ఏం చేయల్ల? మీ దగ్గర దాచేదేముంది, పసుపునీళ్ళు కలిపి జాకెట్టుకు పూసినా. "ఇంకా చీము కారుతాంది మామా" అని చూపించినా. ఆయప్ప మొగం పాలిపోయె. నిన్న మాత్రం పూయలేదు. అయినా సాయంత్రానికి తడి మరక! నిజంగానే చీము పట్టెనేమోనని వాసన చూస్తే పసుపే. నేనే పూసి మర్చిపోయినానేమో అనుకుంటి.

ఏమంటిరి?

మా అత్తా? పొద్దన మీ ఆస్పత్రికొచ్చిందా? గుడికని పోయె గదా! "ఇంకో పది దినాలని చెప్పు నాయనా" అనిందా?

అయ్యో. అయితే నిన్నటి పసుపు ఆమె పూసిందే!

ఏడుమందిని కన్న మనిషి సారూ. నేను రాకముందు ఆ రాట్నం ఆమెదే. ఏ కాన్పుకు ఎన్ని దినాలు పండుకోనిచ్చినారో నేనెప్పుడన్నా అడిగితినా? ఈ పది దినాలూ ఆయమ్మను తిట్టుకుంటానే ఆ అన్నం తింటి. ఇంత కుక్కకు తపేలా నిండా ఎందుకు కలిపిందో ఇప్పుడు తోస్తాంది. అడిగితే మాత్రం చెప్పదు, "కుక్కకే" అంటాది.

నాకు తెలిసిందని ఆమెకు చెప్పాకండి. సిగ్గుపడి రేపే పోయి రాట్నం ముందర కూర్చుంటాది. పది కాదు, ఇరవై చెప్పండి. మీకేం పోతాది? అబద్ధం చెప్పేకి నోరు రాదా? అది మాకు వదిలిపెట్టండి, మీరు ఊరికే తల ఆడించినా చాలు.

మగ్గం ఆగింది. మామ వస్తాండాడు. రోజీ, ఎగరాకే, పండుకో!

సారూ, మొగం రవ్వంత దిగులుగా పెట్టండి.