పదకొండు ఇళ్ల ఖర్చు

లేదు వదినా, నువ్వే చెప్పు, మనిషికి నెలకి తొమ్మిదొందలే అన్నాడా లేదా ఆ సాఫ్ట్‌వేరు ఆయన? మన ఆఫీసులో కూర్చుని, నువ్విచ్చిన కాఫీ తాగుతూ అన్నాడు. ఏడుగురికి ఎంతవుతుందో నోటితో చెప్పేయొచ్చు. ఇప్పుడు చూడు, బిల్లు దానికి మూడింతలు! పాత చిరునామాలు ఎక్కించినందుకు కొంత, మనకి నేర్పినందుకు కొంత, వెళ్లే ప్రతి మెసేజికీ ఇంకొంత. కొసరు అసలుని మింగేసింది.

కూర్చుంటాలే. నువ్వు ఆ బట్టలు మడతపెట్టుకో, ఆపకు. ఐదు నెలలైంది నువ్వు నాతో మాట్లాడి. ఇవాళే మాట్లాడాలని రూలేం లేదు. వింటే చాలు. అన్నయ్య గోడౌనుకి వెళ్లాడని చూసుకునే పైనుంచి దిగొచ్చాను.

రేపు పదింటికి విచారణకి ఆఫీసరు వస్తున్నాడు కదా. మొదట్నుంచీ చెప్పమంటాడు. నీ దగ్గర ఓసారి చెప్పి చూసుకుంటా. మాట తడబడితే ఇట్టే పట్టేస్తాట్ట ఆయన.

అయ్యా, మాది చిన్న వ్యాపారం, అంటాను. ఊపిరాడని రోగులకి ఇళ్ల దగ్గరికే ఆక్సిజన్ సిలిండర్లు పంపుతాం. ఒకటి అయిపోయేలోపు ఇంకోటి చేరాలి, అంతే పని. మా వదిన పందొమ్మిదేళ్లు ఫోను దగ్గర కూర్చుంది. ఎవరింట్లో ఏ రోజుకి అయిపోతుందో, ఎవరి దగ్గు ఎలా మారిందో, గొంతు వినే చెప్పేసేది... బావుందా? "గొంతు విని" అంటే ఆయన నవ్వుతాడేమో. తీసేస్తాలే.

ముప్పై ఇళ్లు కాస్తా నూట నలభై అయ్యాయి. ఓసారి ఒకే ఇంటికి రెండు బళ్లు వెళ్లాయి. అది నీ తప్పని నేనెప్పుడూ అనలేదు. అన్నానా? ... సరే, అన్నాను. అందరి ముందూ అన్నాను.

అన్నయ్య ఏమన్నాడు? "నువ్వు చదువుకున్నవాడివి, ఖర్చెంతో, మిగిలేదెంతో చూడు, నీ మాటే నా మాట" అన్నాడు. మూడు వారాలు తల బద్దలు కొట్టుకున్నాను వదినా. మూడు కంపెనీలు చూశాను. ఒకటి మన తాహతుకి మించింది. ఒకటి చవకే గానీ ఫోను చేస్తే ఎత్తే నాథుడు లేడు. మూడోది ఇది.

కానీ ఖర్చు లెక్కలేసుకున్న షీటులో ఒక చిక్కొచ్చి పడింది. నీకు జీతం లేదు కదా. ఇంటి మనిషివి. నీ పనికి ఎదురుగా సున్నా. సున్నాతో పోలిస్తే ఏ సాఫ్ట్‌వేరైనా దండగే! అందుకని బయటివాళ్లు ఇద్దరు ఆ పని చేస్తే ఎంత తీసుకుంటారో అది రాశాను. అప్పుడు కుదిరింది. పెట్టిన డబ్బు ఏడాదిలో తిరిగొస్తుందని తేలింది. నీ పనికి మొట్టమొదట వెల కట్టింది నేనే, తెలుసా? నిన్ను తీసెయ్యడానికి కట్టాను.

అలా చూడకు. ఆ దుప్పటి కొస ఇటివ్వు, నేను పట్టుకుంటా. వద్దా? సరే.

అప్పుడే కదా నువ్వు ఆ కాగితం తెచ్చిచ్చావు. క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసిన పదకొండు ఇళ్లు. కింద నీ మాట, "వీళ్లకి మెసేజి పనికిరాదు. ఫోను చెయ్యాలి. ఎత్తకపోతే మనిషి వెళ్లాలి." నేను చదవలేదనుకుంటున్నావా? చదివాను. సాఫ్ట్‌వేరు ఆయన్ని అడిగాను కూడా. "ఎందుకు లేదు సార్, జవాబు రాకపోతే వెంటనే మీకు కాల్ వచ్చే ఏర్పాటు ఉంది, పెద్ద ప్లానులో ఉంది" అన్నాడు. పెద్ద ప్లాను వేసి చూశాను. ఏడాదిలో రావాల్సింది మూడేళ్లకి గానీ రాదంది షీటు. పదకొండు ఇళ్ల కోసం మూడేళ్లు! అన్నయ్య ఒప్పుకునేవాడా? నేను తెలివైనవాణ్నని ఇంట్లో ఎవరైనా అనేవారా?

చిన్న ప్లానే కొన్నాం.

ఆ పదకొండులో టైలరు తాత ఇల్లు నాలుగోది.

ఆయన ఫోను వాళ్లావిడ, బామ్మ దగ్గరుండేది. ఆవిడకి చదువు రాదు. "సిలిండరు కావాలంటే ఒకటి నొక్కండి" అని మెసేజి వెళ్లింది. మూడుసార్లు వెళ్లింది. ఫోను కంపెనీవాళ్లు ఎప్పుడూ ఏదో ఒకటి పంపుతుంటారులే అనుకుందట. జవాబు లేదు కాబట్టి తాత పేరు "ఆగి ఉన్నవి" అనే వరసలోకి జారిపోయింది. పసుపు రంగులో ఉంటుంది ఆ వరస. రెండు రోజులు అక్కడే ఉంది. తప్పు చెయ్యలేదు వదినా అది. చెప్పింది చెప్పినట్టు చేసింది. అదే నాకు భయం.

మంగళవారం పొద్దున డ్రైవరు బాబాయి ఆ వీధిలోనే వెళ్లాడు. బండిలో నాలుగు నిండు సిలిండర్లు. పక్కింటికి దించాల్సింది దించాడు. బామ్మ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. రమ్మని ఊపింది. పలకరింపు అనుకున్నాడు. తనూ చెయ్యి ఊపి ముందుకెళ్లిపోయాడు. ఆయన ఫోనుకొచ్చిన లిస్టులో ఆ ఇల్లు లేదు మరి. లిస్టులో లేని ఇంటి దగ్గర బండి ఆపితే ఎందుకాపావని ఫోనే అడుగుతుంది. ఆ రూలు పెట్టింది కూడా నేనే.

మధ్యాహ్నానికి తాత పోయాడు.

మర్నాడు బామ్మే నడిచొచ్చింది ఆఫీసుకి. సిలిండరు తిప్పే తాళంచెవి బల్ల మీద పెట్టి, "ఇది మీది కదా బాబూ" అంది. తిట్టలేదు. ఏడవలేదు. చుట్టూ చూసి, "ఆ ఫోనమ్మాయి లేదా?" అని అడిగింది. ఊరెళ్లిందని చెప్పాను.

మడత పెట్టిందే మళ్లీ పెడుతున్నావు వదినా.

సరే, అసలు విషయానికొస్తా. రేపు ఆఫీసరు నిన్నూ పిలుస్తాడు. "ముందే ఏమైనా హెచ్చరించారా?" అని అడుగుతాడు. ఆ కాగితం సంగతి ఎత్తకు. అంతే నేనడిగేది. అన్నయ్యకి ఆ కాగితం గురించి తెలియదు. నేను చింపేశాను. నువ్వు చెప్పకపోతే అది లేనట్టే.

బాబాయి మీదకి పోతుందా? కొంచెం పోతుంది. చూసి కూడా ఆగలేదు అంటారు. లైసెన్సు ఆపుతారేమో. అంతకు మించి ఏం చేస్తారు? ... మణికట్టు మీద మణికట్టు పెట్టి చూపిస్తున్నావేం, బేడీలా? జైలా? ఎవరన్నారు? పిన్ని వచ్చి నీ దగ్గర ఏడ్చిందా? ఇక్కడే కూర్చుందా?

నాలుగు రోజులుగా ఆయన అన్నం ముట్టలేదని నాకూ తెలుసు. పొద్దున గోడౌనులో కనిపించాడు. "నేను ఆగాల్సింది చిన్నబాబూ, నాదే తప్పు" అన్నాడు. ఆయనంతట ఆయనే అంటున్నాడు వదినా! నేను అనమన్నానా? ఊరుకున్నాను, అంతే. భుజం మీద చెయ్యి వేశాను కూడా.

ఏంటి, బట్టలు పక్కన పెట్టేశావేం? ఇటు తిరిగి కూర్చున్నావేం? ఏదైనా అను. తిట్టు. నువ్విలా చూస్తుంటే కడుపులో ఉన్నవన్నీ బయటికొచ్చేస్తున్నాయి.

ఇంకోటుంది. ఇది అన్నయ్యకీ తెలియదు, ఆ సాఫ్ట్‌వేరు ఆయనకీ తెలియదు.

కొనకముందు ఒక నెల ఉచితంగా వాడి చూశాం, గుర్తుందా? నువ్వు అప్పుడు మీ అమ్మగారి దగ్గరికెళ్లావు. రెండోవారంలో రిటైరైన హెడ్‌మిస్ట్రెసుగారింట్లో ఇలాగే అయింది. అచ్చం ఇలాగే. మెసేజి, జవాబు లేకపోవడం, పసుపు వరస. పక్కింటివాళ్లు తలుపు బాదితే ఆవిడ పలకలేదు. తలుపు పగలగొట్టి ఆస్పత్రికి మోసుకెళ్లారు. బతికింది. నేను పళ్లు పట్టుకుని వెళ్లాను. "మీ దయ వల్ల బతికాను నాయనా" అని నా చెయ్యి పట్టుకుంది. ఏం దయ? కిందకొచ్చి, కారులో కూర్చుని, ఆ నెల లెక్కలోంచి ఆవిడ పేరు తీసేశాను. సాయంత్రం అన్నయ్యకి చెప్పాను, నెలంతా ఒక్క పొరపాటు లేదు, కొనేద్దాం అని.

ఏమవుతుందో తెలియక కొనలేదు వదినా. తెలిసే కొన్నాను.

పెద్ద ప్లానుకీ చిన్న ప్లానుకీ తేడా ఎంతో ఆఫీసరు అడుగుతాడు. నెలకి బండి టైరొకటి మార్చినంత. అంతే.

సరే, లేస్తాను. నువ్వేం చెప్పాలనుకుంటే అది చెప్పు రేపు, నేనాపలేను. నేనేం చెప్తానో మాత్రం నన్నడక్కు. పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను. నిజం చెప్తే ఎంత, చెప్పకపోతే ఎంత అని రెండు వరసలు గీసుకుని కూర్చున్నాను. నా బతుకే అంత.