గోడకు సరిపోని ఫొటో

హలో… ఆ అక్కా, నేనే. షాపులోనే ఉన్నా, చెప్పు.

లేదు… ప్రింట్ ఇంకా కాలేదు.

మెషినా? మెషిన్ బాగానే ఉంది… అవును, పోయినవారం పాడైందన్నాను. అంతకుముందు ఇంకు అయిపోయిందన్నాను…

వద్దు, రేపు నువ్వు రావొద్దు. అక్కా, ఒక్క నిమిషం విను… కూర్చునే ఉన్నావా?

మెషిన్ పాడవలేదు. ఇంకూ అయిపోలేదు. రెండు నెలల్నుంచీ నీకు కాకమ్మ కథలు చెప్తున్నా.

మన పిచ్చుకతల్లి ఫొటో… గోడంత రాదక్కా.

చిన్నది కాబట్టి. నీ ఫోన్లో ఉన్నది నేను మెసేజ్‌లో పంపిందే కదా. పంపేటప్పుడే కుదించుకుపోయింది… ఊఁ, ఫోన్లో చూస్తే తెలీదు. అది చిన్న తెర.

ఎలా చెప్పను… ఫొటో అంటే చుక్కలే. మన దగ్గరున్న దాంట్లో అడ్డంగా తొమ్మిదొందలు, నిలువుగా పన్నెండొందలు. అంగుళానికి మూడొందల చుక్కలు పడితేనే ముఖం తేటగా వస్తుంది. నువ్వడిగిన మూడడుగుల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి పాతిక పడతాయి… పాతికే! చుక్కలు పెరగవక్కా, లావవుతాయంతే. కప్పు పాలల్లో బిందెడు నీళ్లు పోసినట్టు. వేసి చూశాను… కళ్ల చోట గళ్లు.

అసలుదా?

…

అసలుది లేదు.

నేనే. నేనే తీసేశాను… ఫోన్ మార్చినప్పుడు. నిండిపోయిందని గబగబా తుడిచేశా. అక్కకి పంపాగా, ఉంటుందిలే అనుకున్నా. అది ఉండుంటే గోడకి సరిపోయేది.

తెలుసక్కా… తెలుసు. వచ్చినవాళ్లందరికీ “మెసేజ్‌లోది కాదండీ, అసలు ఫైలు తెండి” అని చెప్పేది నేనే. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు.

అడిగాను… పాత ఫోన్ కొన్నతని ఇంటికీ వెళ్లాను. ఏమీ మిగల్లేదు.

నీ కడుపున పుట్టి పదకొండు రోజులే బతికింది పిచ్చుక. కళ్లు తెరిచిన ఫొటో అదొక్కటే. అదీ నా చేతిలోనే… ఏడవకక్కా. తిట్టు. తిడితే పడతాను.

చెయ్యలేదని కాదు, కంప్యూటర్‌తో పెద్దది చేయించా. నున్నగా వచ్చింది… కానీ రెప్పలకి లేని వెంట్రుకలు పెట్టింది. పెదవి మీద పాలపొక్కు చెరిపేసింది. ఎవరి పిల్లో అక్కా అది. చించేశా.

బాగా వచ్చేదంటే… అడ్డం మూడంగుళాలు, నిలువు నాలుగు. అరచేతంత. అదైతే ప్రింట్ తీశాను, నా ముందే ఉంది… ఆ, పొక్కు కూడా కనిపిస్తోంది.

అవును, ఫొటో నిండా ముఖమే… ఏంటీ?

…

అవునక్కా. నిజంగానూ పిచ్చుక ముఖం అంతే ఉండేది… ఇన్నాళ్లూ చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నా గానీ ఆ మాట నాకు తట్టనే లేదు.

గోడకి వద్దా?… సరే. చేతిలో పట్టుకుంటావా… సరేనక్కా.

బావతో పంపిస్తాలే. నా మొహం నీకెలా చూ—

…

సరే. నేనే తెస్తాను. ఇప్పుడే… మడత పడకుండా అట్ట పెట్టి తెస్తా.

ఊఁ… కోపం పోలేదని తెలుసు. పోనక్కర్లేదు.

అక్కా, ఒక్క మాట… నన్ను—

హలో?… హలో…