ఐదొందల నలభై బస్తాల మీద నీ పేరు

నవ్వకు దుర్గా, చెబుతున్నా, నవ్వకు! నువ్వు నవ్వితే నాకు కోపం నిలవదు. ఇవాళ నిలవాలి.

ఎవరికి చూపించావు ఆ లిస్టు? మీ ఓనరుకేనా, ఆయన తమ్ముడికి కూడానా? ఇద్దరికీనా! ఇంకేం, మిర్చియార్డు మైకులో కూడా చెప్పించకపోయావా?

ఆ బెంచీ మీద కూర్చో. నీ పాసింజరు నల్లపాడు రావడానికి ఇంకా పావుగంటుంది.

అసలు మేం ఎంత దాచుకుంటామో తెలుసా నీకు? అమెరికాలో సరుకు దిగితే ఆ దిగుమతి వివరాలు ఎవరైనా డబ్బు కట్టి చూడొచ్చంట. నీకు చెప్పేదేముంది, మీ ఓనరుదీ మిర్చి ఎగుమతేగా, ఆ లిస్టులు చూడడమేగా అక్కడ నీ ఉద్యోగం! అందుకే మా ఓనరు రాజరాజేశ్వరి మేడమ్ మా సరుకు కొనే న్యూజెర్సీ పార్టీ చేత అక్కడి కస్టమ్స్ వాళ్లకి ఉత్తరం పెట్టించింది, వాళ్ల పేరూ మా పేరూ బయటికి కనపడకూడదని. పాత కాగితాలు బజ్జీల బండికి పోతాయేమోనని చింపి బకెట్లో నానేస్తాం. సరుకు ఏ రేవుకి పోతుందో మా అమ్మక్కూడా నేను చెప్పలేదు!

ఇంత కట్టుదిట్టం చేస్తే... చివరికి పాడు చేసింది నేనే.

ఆ లిస్టులో పేర్లు దాస్తారు గానీ బస్తా మీద మార్కు దాయరంట. నాకేం తెలుసు? ఇంటర్ తప్పినవాణ్ణి. 'ఏదో ఒక నంబరు వెయ్యరా త్రినాథ్' అంది మేడమ్. మార్కు అచ్చు కొట్టే రేకు కత్తిరించేది నేనే కదా. నంబరు బదులు నీ పేరు కత్తిరించా. కాగితాల్లోనూ అదే రాశా. చూడకుండా సంతకం పెట్టింది, నా మీద అంత నమ్మకం.

నెల పైన సముద్రం మీద ఉంటాయి కదా ఆ బస్తాలు. పైన వెన్నెల, కింద నీళ్లు, మధ్యలో నీ పేరు, ఐదొందల నలభై సార్లు... ఎంత బాగుందనుకున్నానో!

నోరాగక నీకు చెప్పా. నువ్వు వెతికావు. దొరికింది. దొరికితే చూసుకుని ఊరుకోవచ్చుగా?

ఏంటీ? సంతోషం పట్టలేకా? 'ఇది నా పేరేనండీ, మా త్రినాథ్ వేశాడు' అన్నావా! అయ్యో పిచ్చిదానా...

లిస్టులో నీ పేరున్న ఆ వరసలోనే రేవుంది, బరువుంది, తేదీ ఉంది. నెలనెలా అక్కడ అంత తేజా మిర్చి దించుకునేది ఎవరో అక్కడి బ్రోకరు కనుక్కోవడం ఎంతసేపు? మొన్న న్యూజెర్సీ పార్టీ మేడమ్‌కి ఫోను చేసి, 'మీ బస్తా మార్కు పట్టుకుని మీ ఊరివాళ్లే ఎవరో వచ్చారు, తక్కువకిస్తామన్నారు, మీతో ఈ లోడుతో సరి' అన్నాడు.

ఏడవకు. అరవాలని రాలేదు నేను... సరే, అరిచాను.

యలమందయ్య తాత ఉన్నాడే, మా గొడౌన్లో బస్తాలకి మార్కు కొట్టే ఆయన? ముప్పై ఏళ్లుగా అదే కుంచె, అదే రంగుడబ్బా. చదువు రాదు. ఏ రేకు ఇస్తే అది పెట్టి రంగు కొడతాడు. బస్తాల మీదున్నదే నేను కాగితాల్లోకి ఎక్కించాననుకుని, నిన్న మేడమ్ ఆయన్ని అందరి ముందూ నిలబెట్టింది. 'ఎవరికి అమ్ముడుపోయావు? నంబరు బదులు ఈ పేరు రేకు ఎవరిచ్చారు?' అని.

ఆయన నా వంక చూశాడు. ఒక్కసారే. తర్వాత తలొంచుకుని, 'గుర్తులేదమ్మా, ముసలాణ్ణయిపోయా' అన్నాడు.

రేపట్నుంచి రావద్దంది. కుంచె కడిగి, పంచెకి తుడిచి, డబ్బా మీద అడ్డంగా పెట్టి వెళ్లిపోయాడు.

నేనా? పక్కనే ఉన్నా. రేకు నా సొరుగులోనే ఉంది.

పొద్దున మేడమ్‌కి చెప్పేద్దామనే బయల్దేరా దుర్గా, ఒట్టు. కాళ్లు ఇటు తెచ్చాయి. నీ మీద అరిస్తే తేలికవుతుందనుకున్నా. అవలేదు.

అదిగో బండి. వెళ్లు.

ఇంకోటి. ఆయన గేటు దాటగానే మేడమ్ ఆ కుంచె తీసి నా చేతికిచ్చింది. 'ఆఖరి లోడుకి మార్కు నువ్వే కొట్టరా త్రినాథ్, ఇక్కడ నమ్మదగ్గవాడివి నువ్వొక్కడివే' అంది.

సరే మేడమ్ అన్నా.